రోడ్డు దాటించిన పిల్లి

నీలం ఊపిరి తీస్తుంటే ఇల్లంతా వినిపించేది. ముక్కు మూసుకుపోయిన రోజుల్లో అయితే అది ఊపిరిలా ఉండేది కాదు, ఎవరో పక్కగదిలో కూర్చుని తడిగుడ్డను మెల్లగా చింపుతున్నట్టు ఉండేది. వంటింట్లో పప్పు ఎనుపుతున్న ఎస్తేరు చెయ్యి ఆపి వినేది. వినకూడదనుకుంటూనే వినేది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య కొంచెం ఎడం వస్తే చాలు, పప్పుగుత్తి చేతిలోనే ఉండిపోయేది.

నీలం పిల్లి. పోయిన మామిడికాలం చివర్లో బంగారుపాళ్యం మండీలో, ఖాళీ క్రేట్ల వెనక దొరికితే ఎస్తేరు కూతురు కోమలి చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చింది. అప్పటికది పిడికెడంత పిల్లకూన. కళ్ళు పుసులతో అతుక్కుపోయి, ముక్కు కారుతూ, అరవడానికి నోరు తెరిస్తే గాలే తప్ప గొంతు రాని బతుకు. నీలం రకం మామిడికాయలు దింపుతున్న చోట దొరికింది కాబట్టి ఆ పేరు పెట్టింది.

"బెంగుళూరా కాయల కాడ దొరికింటే ఏం పేరు పెట్టిందువో మే!" అని పక్కింటి తిరుమలమ్మ నడుం పట్టుకుని నవ్వింది.

ఎస్తేరు నవ్వలేదు. ఆమె అంత తొందరగా నవ్వే మనిషి కాదు. కూతురెక్కిన బస్సు రావడం కాస్త ఆలస్యమైతే అది పూతలపట్టు దగ్గర బోల్తా పడినట్టే. ఫోన్ ఎత్తకపోతే ఫోను ఒకచోట, పిల్ల ఒకచోట పడి ఉన్నట్టే. తలనొప్పి అంటే తలలో గడ్డ, కడుపునొప్పి అంటే ఆపరేషన్. "దేవుడు అందరికీ కండ్లు ముందర పెట్టినాడు. నీకు మాత్రం స్మశానం దిక్కు తిప్పి పెట్టినాడు ఎస్తేరూ" అనేది తిరుమలమ్మ. ఎస్తేరు కోపం తెచ్చుకునేది కాదు. తను భయపడినవన్నీ జరగలేదు, నిజమే. కానీ జరిగిన ఒక్కటీ చాలదా?

రెండో విడత కరోనాలో, సరిగ్గా కాయలు రంగు తిరిగే రోజుల్లో, ఆమె భర్త ప్రేమానందం పోయాడు. మామిడికాయల లారీ తోలేవాడు. మద్రాసు దాకా తోలి వచ్చి, గొంతు గరగరమంటోందని పడుకున్నవాడు మళ్ళీ స్టీరింగు పట్టలేదు. చిత్తూరులో ఆక్సిజన్ పెట్టిన వార్డులోకి ఎవరినీ రానీయలేదు. ఫోను దిండు పక్కన పెట్టుకుని, మాట్లాడే ఓపిక లేక, ఊరికే లైన్లో ఉండేవాడు. "నువ్వేం మాట్లాడొద్దప్పా. ఊపిరి వినిపిస్తే చాలు" అనేది ఎస్తేరు. ఫోను చెవికి ఆనించుకునే బియ్యం కడిగేది, దండెం మీద బట్టలు ఆరేసేది. అటువైపు నుంచి ఆ శబ్దం వస్తూనే ఉండేది. తడిగుడ్డ చింపుతున్నట్టు. ఒక సాయంత్రం అతని ఫోన్లో ఛార్జి అయిపోయి లైను తెగింది. ఆ తర్వాత వచ్చిన ఫోను ఆసుపత్రివాళ్ళు చేసింది.

అందుకే ఆ పిల్లిని మొదటిసారి విన్నప్పుడు ఎస్తేరు ఇంట్లోంచి వాకిట్లోకి వెళ్ళిపోయింది. కోమలితో మాత్రం ఏమీ అనలేదు. నాయన పోయాక ఇంట్లో మూగదైపోయిన ఆ పిల్ల, ఈ పిల్లితోనే మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. కాలేజీలో జరిగినవీ, బస్సులో కండక్టరు అన్నవీ అన్నీ దానికే చెప్పేది. ఎస్తేరు వంటింట్లోంచి వినేది. తనకు చెప్పకపోయినా సరే, ఇంట్లో ఒక గొంతు వినిపిస్తోంది కదా అనుకునేది.

వానలు మొదలయ్యే ముందు నీలానికి మళ్ళీ ఎక్కువైంది. కోమలి దాన్ని బుట్టలో పెట్టుకుని చిత్తూరులో పశువుల డాక్టరు దగ్గరికి బయలుదేరితే ఎస్తేరు కూడా వెంట వెళ్ళింది. జబ్బుతో ఉన్న జంతువుతో ఆడపిల్లను ఒంటరిగా పంపడమేమిటని.

డాక్టరు రవిచంద్ర చిన్న వయసువాడు. నీలం కనురెప్ప ఎత్తి చూశాడు, నోరు తెరిచి నాలుక మీది పుండ్లు చూశాడు.

"ఇది పిల్లులకొచ్చే జలుబు వైరస్ అమ్మా. మందు ఇస్తాను, తగ్గుతుంది. కానీ పూర్తిగా పోదు. ఒంట్లోనే దాక్కుని ఉంటుంది. భయపడినా, ఉన్న చోటు మారినా, తిండి తగ్గినా మళ్ళీ బయటపడుతుంది. బతికినన్నాళ్ళూ ఇంతే."

"వైరస్సా?" ఎస్తేరు ఒక అడుగు వెనక్కి వేసింది.

"మనుషులకు రాదు. మీరేం భయపడక్కర్లేదు. ఇంకో పిల్లికైతే పట్టుకుంటుంది. తుమ్మితే చాలు. పిల్లకూనలకైతే ప్రాణం మీదికే వస్తుంది. వేరే పిల్లుల దగ్గరికి మాత్రం పోనీయొద్దు."

కోమలి అన్నీ శ్రద్ధగా వింది. ఎస్తేరు ఒకటే విన్నది. దాక్కుని ఉంటుంది. మనుషులకు రాదట! మొదట్లో కరోనానూ అట్లాగే అన్నారు. ఎక్కడో చైనాలో గబ్బిలాలకు అన్నారు, మన ఎండలకు బతకదన్నారు, పల్లెల్లోకి రాదన్నారు. చివరికి లారీ ఎక్కి తిన్నగా తన ఇంటికే వచ్చింది.

ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతులు మారిపోయాయి. నీలం గిన్నె వేరు, దాని గుడ్డ వేరు. అది పడుకున్న చోటల్లా ఎస్తేరు ఫినాయిల్‌తో తుడిచేది. దానికి అన్నం పెట్టాలంటే బీరువాలోంచి పాత మాస్కు తీసి కట్టుకునేది.

"పిల్లికి కూడా క్వారంటైనా మా?" అని మొదట్లో కోమలి నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. "దానికి నువ్వు దగ్గరికొస్తాంటేనే భయం. డాక్టరు ఏం చెప్పినాడు? భయపడితే ఎక్కువైతాదని చెప్పలేదా?"

"నువ్వు దాన్ని పక్కలో పండబెట్టుకోవద్దు కోమలీ. నా మాట విను బిడ్డా. తిరుమలమ్మోళ్ళ పశువుల కొట్టంలో పెడదాం."

"దాన్ని ఇంట్లోంచి పంపిస్తే నేను కూడా పోతా. తిరుపతిలో మా కాలేజీ హాస్టల్ సీటు ఉండాదని మేడమ్ ఎప్పుడో చెప్పింది. నిన్ను ఒక్కదాన్నే విడిచిపెట్టి పోలేక రోజూ ఈ బస్సుల్లో చస్తాండా. నీలం పోయిన్నాడు నేనూ పోతా. చెప్పింటి, గుర్తుపెట్టుకో."

కూతురు ఉత్తుత్తి మాటలు చెప్పే పిల్ల కాదు. పిల్లి ఉంటే జబ్బు వచ్చి కూతురు పోతుంది, పిల్లి పోతే కోపం వచ్చి కూతురు పోతుంది. ఎటు చూసినా తన ఇల్లు ఖాళీ అవుతున్నట్టే కనిపించింది ఎస్తేరుకు.

తొలి వానకు కోమలి తడిసింది. మర్నాటికి తుమ్ములు, ఆ మర్నాటికి దగ్గు. ఎస్తేరు మిరియాల కషాయం కాచింది, పాస్టరుగారికి ఫోన్ చేసి ప్రార్థన చేయించింది, తలగడ కింద బైబిలు పెట్టింది. చివరికి, ప్రేమానందం కోసం కొన్న, వేలికి తగిలించి ఊపిరి చూసే మిషనును బీరువా అడుగు నుంచి తీసి, బ్యాటరీలు మార్చింది.

మధ్యాహ్నం కోమలి నిద్రపోతోంది. నీలం ఆమె రొమ్ము మీద ముడుచుకుని పడుకుంది. ఎస్తేరు చప్పుడు కాకుండా వెళ్ళి కూతురి వేలికి మిషను తగిలించింది. అంకెలు మంచివే చూపించాయి. అయినా ఆమె లేవలేదు. కూతురి ముక్కు దిబ్బడ వేసి ఉంది. పిల్లికీ అంతే. ఇద్దరి రొమ్ములూ కలిసి లేస్తున్నాయి, కలిసి దిగుతున్నాయి. గదిలో వినిపిస్తున్నది ఒకటే ఊపిరి. అది ఎవరిదో ఆమెకు తెలియలేదు. ఆ ఊపిరి ఆమె బాగా ఎరిగినదే. ఫోను లేకుండానే, చెవికి అంత దగ్గరగా, మళ్ళీ వచ్చి తన బిడ్డ ఎద మీద కూర్చుని ఉంది.

ఎస్తేరు లేచింది. ఆ నిమిషంలోనే నిర్ణయించుకుంది.

"ఊరికే విడిచిపెడితే తిరుక్కోని వస్తాది మే" అంది తిరుమలమ్మ, ఆవుకు తవుడు కలుపుతూ. "పిల్లిని వదలాలంటే ఏరు దాటించాల. నీళ్ళు దాటిన పిల్లికి దారి తెలీదు."

"మనకి ఏరు యాడుండాది అక్కా? ఉండేది కూడా ఎండిపోయి ఇసక తోలుకుంటాండారు."

"ఇప్పుడు మనకు ఏరంటే హైవేనే. ఆపక్క వదిలిన పిల్లి ఈపక్కకు వచ్చిందని నేను యాన్నాడూ వినలేదు. వద్దామనుకున్నవి యాడ పోతాయో రోడ్డు మీద రోజూ చూస్తానే ఉండాం గదా. ఎవుర్నడిగినా ఇదే సెప్తారు. సంపితే పాపం గానీ, దాటిస్తే ఏం పాపం?"

కోమలి దగ్గు తగ్గీ తగ్గకుండానే పరీక్ష ఉందని తిరుపతి వెళ్ళిన పొద్దున, ఎస్తేరు నీలాన్ని వైరు బుట్టలో పెట్టి పైన తువ్వాలు కట్టింది. ఫ్యాక్టరీకి పనికి పోతున్నదానిలాగే బయలుదేరింది. నిజంగా పనికే పోతోంది కూడా. మామిడికాలమంతా ఆమె హైవే అవతలి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరి, కుళ్ళిన భాగం కోసి తీసేసే పని చేస్తుంది.

రోడ్డు మధ్య దిమ్మె దగ్గర నిలబడి లారీలు పోయేదాకా ఆగింది. ఒక్కో లారీ గాలికి తువ్వాలు ఎగిరిపడుతోంది. నీలం అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఎస్తేరుకు తర్వాత ఎన్నోసార్లు అనిపించింది. అంత రొదలోనూ బుట్టలోంచి ఆ ఊపిరి మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఫ్యాక్టరీ వెనక, గోడ అవతల మామిడి టెంకల కుప్ప ఇంటెత్తున ఉంటుంది. పులిసిన వాసన, ఈగలు. టెంకల కోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పిల్లులు ఉంటాయి. ఎస్తేరు అక్కడ బుట్ట దించి ముడి విప్పింది. నీలం బయటికి రాలేదు. బుట్టను పక్కకు వంచాల్సి వచ్చింది. కుప్ప వెనక నుంచి చారల పిల్లి ఒకటి, వెంట పిల్లల్నేసుకుని, మెల్లగా వచ్చింది. నీలం ముక్కుకు తన ముక్కు ఆనించి వాసన చూసింది. పిల్లలు కూడా వచ్చి చూశాయి. నీలం తుమ్మింది.

తోడు దొరికిందిలే అనుకుంది ఎస్తేరు. అనుకుని, ఖాళీ బుట్ట తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పనిలోకి పోయింది.

సాయంత్రం కోమలి ఇల్లంతా వెతికింది. "కిటికీలోంచి దూకి పోయినట్టుండాది" అంది ఎస్తేరు. ఆ పిల్ల వీధులన్నీ తిరిగింది. నీలం ఫోటో ఫోన్లో చూపించి అంగళ్ళలో అడిగింది. గిన్నెలో పాలన్నం పెట్టి గుమ్మం పక్కన ఉంచింది. పొద్దునకు దానికి చీమలు పట్టాయి. కొత్తది కలిపి పెట్టింది. రోజూ అదే పని.

కోమలి దగ్గు పూర్తిగా పోయింది. మామూలు వాన జలుబే అది. ఎస్తేరు దేవునికి స్తోత్రం చెప్పుకుంది. ఇక హాయిగా నిద్రపట్టాలి.

కానీ ఊపిరి ఇంట్లోంచి పోలేదు. పొయ్యి మీద కుక్కర్ విజిల్‌కు ముందు చేసే చప్పుడులో ఉంది. కుళాయిలో నీళ్ళు రాబోయే ముందు వచ్చే గాలిలో ఉంది. మంచం కింద, బీరువా వెనక, మడిచి పెట్టిన దుప్పట్లలో ఉంది. ఎస్తేరు మంచం జరిపి చూసింది. పట్టపగలు టార్చి వేసి బీరువా వెనక చూసింది. ఏమీ లేదు. టార్చి ఆర్పగానే మళ్ళీ మొదలైంది. ఫ్యాక్టరీకి పోతే ఆవిరి గొట్టాలన్నీ అదే ఊపిరి తీస్తున్నాయి. పక్కన కూర్చున్న ఆడవాళ్ళను అడిగింది, మీకేమన్నా వినిపిస్తోందా అని. వాళ్ళు మొహాలు మొహాలు చూసుకున్నారు. దాక్కుని ఉంటుంది అన్నాడు డాక్టరు. ఎక్కడ దాక్కుంటుందో మాత్రం చెప్పలేదు.

ఒకరోజు గోడ అవతల నుంచి నిజంగానే తుమ్ములు వినిపించాయి. ఒక తుమ్ము కాదు, ఒకదాని వెంట ఒకటి, చిన్న చిన్నవి.

"టెంకల కాడ పిల్లులకేందో వచ్చిందంట మే" అన్నారు పనిలో ఉన్నవాళ్ళు. "కండ్లు పోతాండాయంట. పిల్లి కరోనా అంట." ఇద్దరు ముగ్గురు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

డాక్టరు చెప్పిన మాటల్లో ఎస్తేరు వినకుండా వదిలేసిన సగం, అప్పుడు, అంత ఆలస్యంగా, అతని గొంతుతోనే చెవిలో పడింది. ఇంకో పిల్లికైతే పట్టుకుంటుంది. పిల్లకూనలకైతే ప్రాణం మీదికే వస్తుంది.

అన్నాల బెల్లు కొట్టగానే గోడ చుట్టూ తిరిగి పోయింది. వాచ్‌మన్ పాల్ చిన్న పారతో గుంట తవ్వుతున్నాడు. పక్కన గోనెసంచి మీద చారల పిల్లి, దాని పక్కన పిల్లలు, వరసగా. నిద్రపోతున్నట్టు లేవు. కళ్ళు అతుక్కుపోయి, నోళ్ళు తెరుచుకుని, చివరిదాకా గాలి కోసం వెతికినట్టు ఉన్నాయి. ఆ మొహాలు ఎస్తేరుకు తెలియని మొహాలు కావు. ప్రేమానందం మొహం తనకు చూపించలేదు. ప్లాస్టిక్ సంచిలో జిప్పు వేసి తెచ్చి, తన కళ్ళ ముందే మట్టి పోశారు. ఇన్నేళ్ళుగా జిప్పు వెనక ఎట్లా ఉండి ఉంటాడో అని ఊహించుకుంటూనే ఉంది. ఇట్లా ఉండి ఉంటాడు.

"ఎవుడో ఎలకల మందు పెట్టినాడక్కా" అన్నాడు పాల్. "నేను ఒంటిగా ఉంటానని ఇవే నాకు తోడు. వాని చేతులు పడిపోనూ. అదిగో, ఆ ముక్కుచీమిడిది ఒకటి మాత్రం సావలేదు. యాడినుంచి వచ్చిందో."

కుప్ప పైన నీలం కూర్చుని ఉంది. ఎముకలు తేలి, బొచ్చు అంటుకుపోయి ఉంది. ఎస్తేరును చూసి లేచింది. టెంకలు జారిపోతుంటే తూలుకుంటూ దిగి వచ్చి, ఆమె కాలికి తల రుద్దింది. ఫినాయిల్ పోసి తరిమిన మనిషి కాలికి, రోడ్డు దాటించి వదిలిన మనిషి కాలికి.

"ఇది మా ఇంటిది పాలూ. తీసకపోతా" అని మాత్రం అనగలిగింది ఎస్తేరు.

ఆ సాయంత్రం అదే రోడ్డు, అదే బుట్ట. ఈసారి నీలం ఊపిరి వినిపించకపోతే దిమ్మె దగ్గర ఆగి, తువ్వాలు తీసి, వేలు పెట్టి చూసుకుంది.

గుమ్మంలో కోమలి ఉంది. బుట్టను చూసి పరుగెత్తుకొచ్చింది. నీలాన్ని ఎత్తుకుని, "యాడ దొరికింది మా? యాడ దొరికింది?" అని ఏడుస్తూ నవ్వింది.

ఇంకో అబద్ధం ఎస్తేరు నాలుక మీద సిద్ధంగానే ఉంది. దారిపొడుగునా అల్లుకుంటూ వచ్చింది కూడా. కానీ కూతురి మొహం చూశాక అది నోట్లోంచి రాలేదు.

"నేనే వదిలినా. హైవే దాటించి, టెంకల కుప్ప కాడ. నీకు దగ్గొస్తాంటే భయమేసింది బిడ్డా."

కోమలి నవ్వు ఆగిపోయింది.

"ఆడ పిల్లులుంటాయి గదా మా?"

"ఉన్నాయి."

"ఉన్నాయంటే?"

ఎస్తేరు ఖాళీ బుట్టలో తువ్వాలు మడిచి పెట్టింది. కోమలికి అర్థమైంది.

"ఎన్ని పోయినాయి?"

"లెక్కపెట్టలేదు."

"నాయన పోయిన్నాడు పేపర్లో చిత్తూరు జిల్లా అని ఒక అంకె వేసినారు. ఆ అంకెలోనన్నా మన నాయన ఉన్నాడు. వీటికి అది కూడా లేదు" అంది కోమలి. గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే ఎస్తేరు తట్టుకునేది.

ఆ రోజు నుంచి కూతురు తల్లితో మాట్లాడలేదు. ఎదురుగా ఉండి, పెట్టింది తిని, గిన్నె కడిగి, పిల్లితో కూడా గుసగుసగానే మాట్లాడేది. హాస్టల్ మేడమ్‌కు ఫోన్ చేసి సీటు ఖాయం చేసుకుంది. ఆ మాట కూడా ఎస్తేరు గోడ ఇవతల నుంచే విన్నది.

నీలం పనులన్నీ ఇప్పుడు ఎస్తేరువే. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి కళ్ళు తుడిచేది. మాస్కు కట్టుకోలేదు. చేపముక్కను వేళ్ళతో నలిపి, వాసన తగిలేలా ముక్కు దగ్గర పెట్టేది. కిటికీలకు వలలు కొట్టించింది. వీధి పిల్లి ఏదైనా గోడ మీద కనిపిస్తే చాలు, చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తేది. "పో! ఈ ఇంటికి రావద్దు! వద్దు నాయనా, పో!" అని అరిచేది. అరుస్తుంటే గొంతు జీరపోయేది. ప్రేమానందానికి కరోనా వచ్చినప్పుడు తమ ఇంటి ముందు పంచాయతీవాళ్ళు కట్టిన కర్ర అడ్డం, దాన్ని చూసి జనం అటు పక్కగా నడిచిపోవడం, అన్నీ కళ్ళ ముందుకొచ్చేవి. ఇప్పుడు ఆ కర్ర తనే అయింది.

ఊపిరి మాత్రం ఆగలేదు. నీలం ఒక మూల ఉంటే, ఇంకో మూల నుంచి కూడా వినిపించేది. చిన్నచిన్నవి, వరసగా. ఎస్తేరు ఇక మంచాలు జరిపి చూడటం మానేసింది.

కోమలి వెళ్ళే రోజు వచ్చింది. బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి చెప్పులు వేసుకుంటుంటే, వీధిలోంచి పాల్ వచ్చాడు. చేతుల్లో ఖాకీ చొక్కా ముద్దగా చుట్టి ఉంది.

"అక్కా, ఒకటి మిగిలింది. టెంకల సందులో ఇరుక్కోని ఉన్నింది, అరుపు విని తవ్వి తీసినా. ఒక కన్ను పోయింది. నువ్వు ఆ ముక్కుచీమిడిదాన్ని సాకుతాండావు గదా, దీనికీ అదే రోగం. వచ్చిన రోగం మళ్ళీ రాదు గదా అని తెచ్చినా."

చొక్కా మడతల్లో చారల పిల్లకూన. మూసుకుపోయిన ముక్కుతో, ఒంటికి మించిన చప్పుడు చేస్తోంది.

ఎస్తేరు చేతులు చాచలేదు. "పాలూ, మందు ఎవురూ పెట్టలేదప్పా. నా పిల్లి వల్లనే. నేనే తెచ్చి ఆడ వదిలినా."

పాల్ చొక్కా ముద్దను ఎదకు దగ్గరగా పట్టుకున్నాడు. "నాకు సెప్పకుండా ఉంటే బాగుండు గదక్కా" అన్నాడు. "ఎవుడో తెలీనోన్ని తిట్టుకుంటా ఉంటి. ఇప్పుడు ఎవుర్ని తిట్టేది?" చొక్కా వైపు చూసుకున్నాడు. "దీన్ని మాత్రం నేను మళ్ళీ ఆ కుప్ప మీదకి తీసకపోను."

"ఉండు" అంది ఎస్తేరు. పక్కింటి కొట్టంలోకి పోయి, చేటలో పిడికెడు తవుడు పోసుకుని వచ్చింది. వెనకే తిరుమలమ్మ, ఏం జరుగుతోందోనని.

"పిల్లికి తవుడేందక్కా?" పాల్ తికమకపడ్డాడు.

"పిల్లికి కాదు, నీకు. పట్టు, సెయ్యి సాపు." అతని అరచేతిలో తవుడు పోసింది. "మా అమ్మ పుట్టకముందు మా అవ్వకు బిడ్డలు నిలవలేదు. మా అమ్మ పుట్టినాక తీసకపోయి పెంటకుప్ప మీద పండబెట్టినారు. ఇంకొకామె ఎత్తుకుంటే, తవుడు పోసి కొనుక్కున్నారు. కుప్పమ్మ అని పేరు పెట్టినారు. కుప్ప మీద దొరికిందీ, తవుటికి కొన్నదీ గదా, ఎందుకూ పనికిరాదనుకోని చావు దాని జోలికి రాలేదు. ఎనభై ఏండ్లు బతికింది."

"సర్చికి పోయే ఇంట్లో ఇవేం పనులు మే!" అంది తిరుమలమ్మ. అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"దేవుడు కోప్పడితే నన్ను కోప్పడనీ. కొనుక్కున్నా పాలూ. ఇది కుప్పమ్మ. దీన్లో ఏం లేదు. ఒంటికన్నుది, చీమిడిది, పనికిమాలింది." ఎస్తేరు గొంతు పెంచి, వీధి చివరిదాకా, ఎవరికో వినిపించాలన్నట్టు చెప్పింది. అప్పుడు చేతులు చాచింది.

రోడ్డు మీద తిరుపతి బస్సు హారన్ వేసింది. కోమలి బ్యాగు వైపు చూసింది. బ్యాగు ఎత్తింది. దించింది. వచ్చి, తల్లి చేతుల్లో ఉన్న పిల్లకూన రొమ్ము మీద రెండు వేళ్ళు పెట్టి చూసింది.

"ఇది కూడా జీవితమంతా ఇట్లే ఊపిరి తీస్తాదా మా?"

ఇన్నాళ్ళ తర్వాత కూతురన్న మొదటి మాట అది.

"తీస్తే సాలు" అంది ఎస్తేరు.

"కండ్లు తుడవాల. నీళ్ళు కాగబెట్టు. నేను మధ్యాహ్నం బస్సుకి పోతాలే."

మధ్యాహ్నం బస్సుకైనా పోయేదే. ఆ సంగతి ఎస్తేరుకు తెలుసు. వంటింట్లోకి పోయి కట్టెల పొయ్యి వెలిగించింది. హాల్లో కోమలి పిల్లకూనతో ఏదో చెబుతోంది. నీలం చిన్నగా గురకపెడుతోంది. వాటి వెనక, గోడల్లోంచి, ఇంకా చాలా ఊపిరులు వినిపిస్తున్నాయి. నీళ్ళు మరిగేలోగా ఏదో ఒకటి ఆగిపోతుందేమోనని, ఎస్తేరు పొగ వస్తున్నా సరే వంటింటి తలుపు వెయ్యలేదు.